అడవి దాటి వచ్చినవాళ్ళ మధ్య నేర్చుకున్న ఏడు పాఠాలు

భద్రాచలం ఏజెన్సీలో ఆరోగ్య కార్యకర్తగా చాలాకాలం తిరిగాను. ఛత్తీస్‌గఢ్ నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన ఆదివాసీలు వాగుల ఒడ్డున గుడిసెలు వేసుకోవడం దగ్గరుండి చూశాను. మన ప్రాంతంలో వాళ్ళను గుత్తికోయలంటారు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు నన్ను తరచుగా అడుగుతుంటారు: బియ్యం, దుప్పట్లు ఇస్తే సరిపోదా అని. సరిపోదు. భయపడి ఊరొదిలిన మనిషికి తిండితోపాటు హక్కు కూడా అందాలి. అది ఎలా అందించాలో నాకు తెలిసినంత చెబుతాను.

1. ఎందుకు వచ్చారో ముందు తెలుసుకోండి

2005 జూన్‌లో అప్పటి దంతెవాడ జిల్లాలో సల్వాజుడుం అనే సాయుధ ఉద్యమం మొదలైంది. మావోయిస్టులను ఎదుర్కోవడం పేరుతో ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయించారు. కొందరిని దోర్నపాల్, ఎర్రబోరు లాంటి రోడ్డుపక్క శిబిరాలకు చేర్చారు. ఊళ్ళో ఉంటే జుడుం పగబట్టేది, శిబిరానికి వెళ్తే మావోయిస్టులు పగబట్టేవారు. 2006 జులైలో ఎర్రబోరు శిబిరం మీద మావోయిస్టులు దాడిచేసి సుమారు 30 మందిని చంపారు. ఎటూ బతుకు లేదనుకున్నవాళ్ళు సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి వచ్చారు. అంతకుముందే కూలికో పోడుకో వచ్చినవాళ్ళూ ఉన్నారు. అందరినీ ఒకే గాటన కట్టకండి. ఏ గూడెం ఏ సంవత్సరం, ఏ కారణాన వచ్చిందో రాసుకోండి. రేపు అధికారి ముందు నిలబడేటప్పుడు అదే మీకు ఆధారం.

2. కాగితం లేదని వైద్యం, చదువు ఆపనివ్వకండి

మన దేశంలో ఎస్టీ గుర్తింపు రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. సరిహద్దు అవతల ఆదివాసీ అయినవాడికి ఇవతల ఆ ధ్రువపత్రం దొరకదు. దాంతో ప్రతి కౌంటరు దగ్గరా ‘కార్డేది?’ అన్న ప్రశ్నే ఎదురవుతుంది. కానీ చలిజ్వరంతో వణికే పిల్లవాడికి మందు ఇవ్వడానికి ఏ కార్డూ అక్కర్లేదు. వయసు రుజువు లేదనో టీసీ లేదనో బడిలో చేర్చుకోకపోవడానికి 2009 విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. ఆరేళ్ళలోపు పిల్లలు 40 మంది ఉన్న గ్రామీణ ఆవాసం అడిగితే మూడు నెలల్లో అంగన్‌వాడీ ఇవ్వాలని 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఈ మూడు సంగతులూ నోటికి వచ్చి ఉండాలి. వాదన పెట్టుకోనక్కర్లేదు, చట్టం పేరు, సంవత్సరం నెమ్మదిగా చెప్పండి చాలు.

3. పుట్టిన ప్రతి బిడ్డ పేరూ రాయించండి

కాన్పు గుడిసెలోనే జరిగిపోతుంది, జననం ఎక్కడా నమోదు కాదు. 21 రోజుల్లోపు తెలియజేస్తే జనన నమోదుకు రుసుము ఉండదు. ఏడాది దాటిందంటే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. రోజుకూలి మానుకుని అడవి దారిన నడిచి వచ్చే తల్లికి అది అయ్యే పని కాదు. అందుకే గర్భిణుల జాబితా ఎప్పుడూ మీ సంచిలో ఉండాలి. ఈ నేల మీదే పుట్టిన బిడ్డ రేపు పరాయివాడు కాకుండా కాపాడేది ఆ కాగితమే.

4. ఆడవాళ్ళతో విడిగా, వాళ్ళ భాషలోనే మాట్లాడండి

గూడెం పెద్దమనిషి చెప్పిందే గూడెం మాట అనుకోవద్దు. నీళ్ళకోసం చెలమ దగ్గరికి ఒంటరిగా వెళ్ళడానికి భయంగా ఉందనీ, మిరప కోతకు వెళ్ళిన చోట కూలి ఎగ్గొట్టారనీ మగవాళ్ళ ముందు ఏ ఆడమనిషీ చెప్పదు. కోయ మాట్లాడే ఆడమనిషినే తోడు తీసుకెళ్ళండి. పోలీసులతో, కూలీలను తీసుకెళ్ళే మేస్త్రీలతో సంబంధం ఉన్నవాళ్ళను దుబాసీగా పెట్టుకోకండి.

5. విన్నది విన్నచోటే ఉంచండి

రెండు తుపాకుల మధ్య నలిగినవాళ్ళకు ఒక్క మాట బయటికి పొక్కినా ప్రాణం మీదికి వస్తుంది. ‘ఎవరు వచ్చారు, ఎవరికి అన్నం పెట్టారు’ అని ఎప్పుడూ అడగకండి. ముఖాలు, గుడిసెలు ఫొటోలు తీయకండి. ఒక వైపు కబురు రెండోవైపు మోయకండి. మీరు మందుల కోసమే వస్తారన్న నమ్మకం కలిగిన రోజు జబ్బు దాచరు, గాయం దాచరు.

6. స్థానికుల బాధ కూడా వినండి, నేరం చేసినవాడినే దోషిగా చూడండి

ఇక్కడి కోయలకూ అడవే ఆధారం. పోడు పెరిగితే వాళ్ళకు నష్టమే. ఆ మాట కొట్టిపారేసి వీళ్ళకు మేలు చేయలేం. ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టాలి. 2022 నవంబరులో చంద్రుగొండ మండలంలో అటవీ రేంజి అధికారి ఒకరు హత్యకు గురయ్యారు. విధి నిర్వహణలో ప్రాణం పోగొట్టుకున్న ఆయన కుటుంబానికి జరిగింది తీరని అన్యాయం. నేరం చేసినవాళ్ళకు శిక్ష పడాల్సిందే. కానీ నిందితులు గుత్తికోయలని ఆ వెంటనే వాళ్ళందరినీ పంపేయాలన్న డిమాండ్లు లేచాయి. పాలిచ్చే తల్లికీ, బడికెళ్ళే పిల్లకీ ఆ నేరంతో ఏం సంబంధం? రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చే రక్షణ ప్రతి మనిషికీ విడివిడిగా ఉంది. కోపం మీదున్న రోజున ఆ మాట గట్టిగా అనగలగాలి.

7. తిరిగి వెళ్ళాలా వద్దా అన్నది వాళ్ళే తేల్చుకోవాలి

అటువైపు పరిస్థితి చక్కబడిందన్న వార్త రాగానే ‘ఇక బయలుదేరండి’ అనేవాళ్ళు బయలుదేరతారు. సొంత దేశంలోనే నిర్వాసితులైనవారి గురించి 1998లో ఐక్యరాజ్యసమితి ముందుకు వచ్చిన మార్గదర్శక సూత్రాలు స్పష్టంగా ఉన్నాయి: ఇష్టపూర్వకంగా, భద్రంగా, గౌరవంగా తిరిగి వెళ్ళవచ్చు, లేదా వేరేచోట స్థిరపడవచ్చు. 2005 డిసెంబరు 13కు ముందు అక్రమంగా వెళ్ళగొట్టబడిన గిరిజనులకు బదులు భూమితో పునరావాసం కోరే హక్కును 2006 అటవీ హక్కుల చట్టం ఇచ్చింది. ఈ దారులన్నీ వాళ్ళ భాషలో వివరించి, ఆలోచించుకోవడానికి సమయం ఇవ్వండి. నిర్ణయం మీరు చెప్పకండి.

మావోయిస్టులను ఎదుర్కోవడానికి ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసులుగా ఆయుధాలిచ్చి దించడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న జస్టిస్ బి. సుదర్శన్‌రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం తీర్పు చెప్పింది. అయినా ఆ తీర్పు ఒక్కటే ఏ గుడిసెకూ నీళ్ళు తేలేదు, ఏ బిడ్డ పేరూ రాయించలేదు. ఆ పని మనది. మీ మండలంలో ఇలాంటి గూడెం ఉంటే ఈ వారమే వెళ్ళండి. ఆరేళ్ళలోపు పిల్లలెందరో లెక్క రాసి, ఊరివాళ్ళ వేలిముద్రలతో అంగన్‌వాడీ కోసం అర్జీ పెట్టండి, రసీదు తప్పకుండా తీసుకోండి.