నీళ్ళ కింద రాజధాని – విజయపురి

విజ్ఞాన యాత్రకు రాలేకపోయిన వాళ్ళ కోసం ఈ పాఠం రాస్తున్నాను.

విశాఖపట్నంలో రాత్రి రైలెక్కి గుంటూరులో దిగి, బస్సులో మాచర్ల మీదుగా విజయపురి సౌత్ చేరితిమి. అక్కడి నుండి నాగార్జునకొండకు లాంచీ. మన పోర్టులో పెద్ద పెద్ద ఓడలు దూరం నుండి చూశాను గానీ, నీళ్ళ మీదకి వెళ్ళడం నాకు ఇదే మొదలు. లాంచీ కదలగానే కళ్ళు మూసేసుకున్నా. అందరూ ఒకటే నవ్వు.

శాతవాహనుల తరువాత క్రీ.శ. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకులు కృష్ణా లోయలో విజయపురి రాజధానిగా పరిపాలించిరి. మొదటి రాజు శాంతమూలుడు. ఆయన కొడుకు వీరపురుషదత్తుడు. ఇవి పరీక్షకు వస్తాయి. కానీ నాకు బాగా గుర్తుండిపోయింది శాంతమూలుని సోదరి శాంతిశ్రీ. బౌద్ధుల మహాచైత్యానికి దానాలు ఇచ్చి, ఆ సంగతి రాతి స్తంభం మీద చెక్కించింది. ఆడమనిషి పేరు పదిహేడు వందల ఏళ్ళు నిలిచి ఉంది చూడండి! కాశ్మీరం, చైనా, సింహళం పేర్లు కూడా ఇక్కడి శాసనాలలో కలవు.

"మరి ఊరేది సార్?" అని సోషల్ సారుని అడిగాను. ఆయన లాంచీ కిందకి వేలు చూపించారు.

నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955లో శంకుస్థాపన జరిగెను. లోయంతా మునిగిపోతుందని 1954 నుండి 1960 వరకు అక్కడ తవ్వకాలు జరిపారు. కొన్ని కట్టడాలను విప్పి, కొండ మీదకు మోసుకొచ్చి మళ్ళీ పేర్చారు. మేము దిగిన దీవి ఆ కొండ నెత్తే. జనం కూర్చుని ఆటలు చూసిన మెట్ల రంగస్థలాన్ని ఒడ్డున అనుపు దగ్గర తిరిగి కట్టారు. మ్యూజియం కూడా కొండ మీదే ఉంది.

అక్కడ నాకు మా తాత గుర్తొచ్చాడు. తాత పుట్టిన ఊరు కూడా ఒక డ్యాం నీళ్ళ కిందే ఉంది. ఆ ఊరి రాయి ఒక్కటి కూడా ఎవరూ పైకి తేలేదు. "మా ఊరిని ఎందుకు తవ్వలేదు సార్?" అన్నాను. సారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "మీ తాతని అడిగి రాసుకోమ్మా" అన్నారు.

సెలవుల్లో తాతని కూర్చోబెట్టి పటం గీశాను. చింతచెట్టు, శంకుదేవుడి రాయి, గెడ్డ, సంతకు పోయే దారి. పన్నెండు ఇళ్ళు ఉండేవంట. పదకొండు ఇళ్ళవాళ్ళ పేర్లు చెప్పాడు. పన్నెండో ఇల్లు ఎవరిదో రెండు రోజులు ఆలోచించినా జ్ఞాపకం రాలేదు. ఆ చోటు ఖాళీగా వదిలి, పటాన్ని ఈ పాఠం కింద అతికించాను.