మందలో ముఖాలు

ప్రశ్న: మా ఊళ్లో గొల్లకురుమలు ఏ గొర్రె ఏదో చూడగానే చెప్తారు. నాకన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. వాళ్ల చూపే వేరా?
– ఒక పాఠకుడు, హుజూరాబాద్

జవాబు: వేరైంది చూపు కాదండీ, సాధన. చెవి వాలు, మూతి మచ్చ, ముక్కు వంపు మీరు విడివిడిగా వెతుకుతారు. ఏళ్లుగా మంద కాసినవారు ఆ పొందికనంతా ఒక్కసారే పట్టేస్తారు. పక్షుల, కార్ల నిపుణులు తమకు పట్టున్నవాటిని చూసినప్పుడు, ముఖాలకు స్పందించే మెదడు భాగం ఎక్కువగా పనిచేస్తుందని 2000లో పరిశోధకురాలు ఇసబెల్ గోతియే బృందం చూపింది. అలాగైతే మనుషుల ముఖాల గుర్తింపూ వట్టి అలవాటేనా అని అడగొచ్చు. పూర్తిగా కాదు. పక్షవాతం తర్వాత మనుషుల ముఖాలు పోల్చుకోలేని ఒకాయన, గొర్రెలు పెంచి వాటి ముఖాలు గుర్తుపట్టడం నేర్చుకున్నట్టు 1993లో పరిశోధకులు నమోదుచేశారు. అంటే మనుషుల ముఖాలను, గొర్రెల ముఖాలను గుర్తుపట్టే దారులు పూర్తిగా ఒకటి కావు. అయినా సాధన చూపును మారుస్తుందన్నది ఖాయం. కాపరుల నేర్పును చదువుగానే గౌరవించాలి.