మాటిమాటికీ నోటిపూతా? వేడి అని వదిలేయకండి

ఈ నెల పాఠంలో నోటిపూత గురించి తెలుసుకొందాము.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో నోరు పూస్తే "వేడి చేసింది" అంటాము. మందుల షాపులో బీ కాంప్లెక్స్ మాత్రలు కొని మింగుతాము. చాలామందికి అది చిన్న పుండే. 7 నుండి 14 రోజుల్లో మానిపోతుంది. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 తక్కువైనా మళ్లీ మళ్లీ వస్తుంది. రక్తపరీక్ష చేస్తే ఇది తెలుస్తుంది.

అయితే కొందరికి కారణం వేరే ఉంటుంది. రోగాలతో పోరాడవలసిన కాపలా కణాలు పొరబడి సొంత శరీరం మీదనే దాడి చేస్తాయి. వీటిని ఆటో ఇమ్యూన్ జబ్బులు అంటారు. ఈ గుర్తులు చూడండి:

1. లూపస్: అంగిట్లో పుండు, నొప్పి లేకపోవచ్చు. ఎండ తగిలితే బుగ్గలపై మచ్చలు, కీళ్లనొప్పులు, జుట్టు రాలడం. స్త్రీలలో ఎక్కువ.

2. బెహ్చెట్ జబ్బు: 1937లో టర్కీ వైద్యుడు హులూసీ బెహ్చెట్ దీనిని వివరించారు. నోటిలోను, మర్మాంగాల వద్దను పుండ్లు వస్తాయి. కన్ను ఎర్రబడి చూపు మసకబారుతుంది. సిగ్గుపడి దాచుకొంటే చూపే పోవచ్చు.

3. పెంఫిగస్: నోటిలో నీటిపొక్కులు లేచి, చిట్లి, పచ్చిపుండ్లు అవుతాయి. ఒంటిమీద పొక్కులు రాకముందే, నెలల తరబడి నోటిలోనే ఉండవచ్చు. స్టిరాయిడ్లు రాకముందు ఇది చాలామందిని బలిగొన్నది. నేడు మంచి మందులున్నాయి.

పుండు 3 వారాలు దాటినా మానకపోతే తప్పక చూపించండి. ఆకువక్క, పొగాకు, గుట్కా నమిలేవారిలో అది క్యాన్సరు కావచ్చు.

మందుల విషయంలో రెండు జాగ్రత్తలు. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. ఆ రోజును క్యాలెండరులో గుర్తుపెట్టండి. పొరపాటున రోజూ మింగితే నోరంతా పూసి, రక్తకణాలు పడిపోయి, ప్రాణానికే ముప్పు. ఈ మందు వాడేవారికి నోరు పూస్తే, తరువాతి మాత్ర వేసుకోకముందే డాక్టరును కలవండి. ఇక స్టిరాయిడ్ మాత్రలు, తగ్గింది కదా అని ఒక్కసారిగా మానకూడదు. డాక్టరు చెప్పినట్లు కొద్దికొద్దిగా తగ్గించాలి.

నోరు పూసిన రోజుల్లో ఊరిబిండి, పచ్చళ్లు పక్కన పెట్టండి. చల్లారిన రాగి అంబలి, మెత్తటి సంగటి, పెరుగన్నం తీసుకోండి. గ్లాసు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కలిపి పుక్కిలించండి. మెత్తటి బ్రష్ వాడండి. పుండు వచ్చిన తేదీ, మానిన తేదీ, కంటి బాధ, కీళ్లనొప్పి ఒక నోటుబుక్కులో వ్రాసుకొని వస్తే జబ్బు కనుక్కోవడానికి మాకెంతో ఉపయోగం.

ఇంటివారికి ఒక మాట. పైన చెప్పిన మూడు జబ్బులూ అంటువ్యాధులు కావు. పళ్లెం, గ్లాసు వేరు పెట్టవద్దు. ఇవి శాపమూ కావు, పాపఫలమూ కావు. యోబు ఒళ్లంతా కురుపులతో కూర్చున్నప్పుడు స్నేహితులు ఏడు రాత్రింబగళ్లు మౌనంగా అతని పక్కన కూర్చున్నారు. తరువాతనే నిందలు మొదలుపెట్టారు. వారు మొదట చేసినది మనమూ చేద్దాము. తరువాత చేసినది మానుకొందాము.

స్త్రీల సమాజ కూటములలో చర్చించుటకు:
• ఏ గుర్తులు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి రావాలి?
• మన సంఘంలో నొప్పితో అన్నం తినలేక, చెప్పుకోలేక ఉన్నవారు ఎవరైనా ఉన్నారా? వారికి మనమేమి చేయగలము?