వేసవి ప్రయాణమునకు తగిన కవచము



"జాకెట్టు" అను మాట వినగానే మన ఇండ్లలో స్త్రీలు తొడుగుకొను రవిక స్ఫురించును. నేడు మోటారు సైకిళ్ల అంగళ్లలో అదే మాట వేరొక వస్తువును తెలుపుచున్నది. బండిపై పోవువాడు క్రింద పడినపుడు అతని చర్మమును, కీళ్లను, వెన్నును కాపాడుటకై ప్రత్యేకముగా కుట్టిన పొడుగు చేతుల కోటునకు రైడింగు జాకెట్టు అని పేరు. మన కావ్యభాషలో దీనికి సరియైన మాట కవచము. కర్ణుడు కవచముతోనే పుట్టెనని భారతము చెప్పుచున్నది. మనకట్టి భాగ్యము లేదు. కావున కొని తొడుగుకొనవలసినదే. కొనునపుడు దేనిని చూడవలెనో తెలిసికొనుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

మీలో పెక్కుమందికి బండి నడుపు వయస్సు ఇంకను రాలేదు. గేర్లు గల మోటారు సైకిలు నడుపుటకు 18 ఏండ్లు నిండవలెనని మన దేశపు చట్టము. ఐనను ఈ పాఠము మీకు అవసరమే. మీ తండ్రులును అన్నలును తోరణగల్లు ఉక్కు కర్మాగారమునకో, గుంతకల్లు, ఆదోని మార్గములలో వ్యాపారమునకో మోటారు సైకిళ్లపై పోవుచున్నారు. వారి వెనుక మీరును కూర్చుండుచున్నారు. "ఈ బళ్లారి ఎండలో కోటు ఎవడు తొడుగును?" అని పెద్దలు అనుచుందురు. ఆ మాటలో కొంత న్యాయము కలదు, కొంత భ్రమ కలదు. రెండింటిని విడదీసి చూతము.

1. క్రింద పడినపుడు ఏమగును?

బండి జారినపుడు మనిషికి రెండు విధములైన ఆపదలు కలుగును. మొదటిది దెబ్బ, అనగా భుజమో, మోచేయియో, వెన్నో నేలను గట్టిగా తాకుట. రెండవది రాపిడి, అనగా తాకిన పిమ్మట దేహము రోడ్డుపై జారుకొని పోవుట. జాకెట్టు ఈ రెండింటిని వేర్వేరు సాధనములతో ఎదుర్కొనును. దెబ్బకు లోపలి బిళ్లలు, రాపిడికి పైబట్ట.

ఎంత దూరము జారునో భౌతికశాస్త్ర పాఠము వలననే లెక్కింపవచ్చును. ఘర్షణ గుణకమును గురుత్వ త్వరణముతో గుణించి, ఆ లబ్ధమును రెట్టింపు చేసి, దానితో వేగపు వర్గమును భాగించిన, జారిన దూరము వచ్చును. బట్టకును తారురోడ్డునకును నడుమ ఘర్షణ గుణకము 0.6 అనియు, గురుత్వ త్వరణము 9.8 అనియు అనుకొందము. గంటకు 40 కిలోమీటర్ల వేగమనగా సెకండునకు 11.1 మీటర్లు. అపుడు జారు దూరము సుమారు పదిన్నర మీటర్లు. 60 కిలోమీటర్ల వేగమున 23 మీటర్లకు పైగా అగును. 80 కిలోమీటర్ల వేగమున 42 మీటర్లగును. వేగము రెట్టింపు కాగా దూరము నాలుగు రెట్లైనది గమనింపుడు. ఇంత దూరము గరుకు రోడ్డుపై ఒరసికొనునది చొక్కాయా, చర్మమా, లేక అందులకై నేసిన బట్టయా అనునదే ప్రశ్న. సూర్యుడు ఎంత తీవ్రముగా కాసినను ఈ లెక్క మారదు.

2. ఎండ, గాలి, చెమట

ఇక పెద్దల ఆక్షేపణకు వత్తము. వేసవిలో మట్టికుండలోని నీరు ఏల చల్లబడునో మీకు తెలియును. కుండ రంధ్రముల గుండ ఊరిన నీరు ఆవిరి యగుచు, తనకు కావలసిన వేడిని కుండ నుండి తీసికొనును. మన దేహమును అట్టి కుండయే. ఒక గ్రాము చెమట ఆవిరి యగుటకు సుమారు 580 కెలోరీల వేడి కావలెను. ఆ వేడి చర్మము నుండి పోవును. గాలి తగిలిననే చెమట చక్కగా ఆవిరి యగును. గాలి చొరని తోలు కోటునో, వానకోటునో నడివేసవిలో తొడుగుకొనిన, చెమట లోపలనే నిలిచి దేహము వేడెక్కును; తల తిరుగును; తల తిరిగినవాడు బండిని సరిగా నడుపలేడు. పెద్దల మాటలోని న్యాయమిదియే.

భ్రమ ఎక్కడనగా, ఒట్టి చేతులతో పోయిన చల్లగా ఉండునని తలచుట. వేడి ఎల్లప్పుడును ఎక్కువ వేడిగల వస్తువు నుండి తక్కువ వేడిగల వస్తువునకు పోవును. మన చర్మపు ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. గాలి 30 డిగ్రీలున్నపుడు అది చర్మము నుండి వేడిని తీసికొనిపోవును. ఏప్రిల్, మే మాసములలో మన ఊరి గాలి 40 డిగ్రీలకు చేరినపుడు అదే గాలి చర్మమునకు వేడిని ఇచ్చును. ఎండ నేరుగా తగులుట వేరు. చెమట పుట్టిన క్షణముననే ఆరిపోవుటచేత ఎంత నీరు పోవుచున్నదో నడుపువానికి తెలియదు. కావున తీవ్రమైన ఎండలో గాలిని మితముగా చొరనిచ్చి, ఎండను అడ్డు చీర మరుగువంటి పొడుగు చేతుల వస్త్రమే మేలు.

ఈ రెండు అవసరములను తీర్చునది వలబట్ట జాకెట్టు. అంగళ్లలో దీనిని మెష్ జాకెట్ అందురు. దీని రొమ్మున, వీపున, చేతుల లోపలి వైపున జల్లెడవంటి సన్నని రంధ్రములు గల బట్ట ఉండును. బండి కదలినంతసేపు గాలి ముందు చొరబడి వెనుక వెడలును. లోపల పలుచని పొడుగు చేతుల బనియను తొడుగుకొని, బయలుదేరునపుడు దానిని నీటితో తడిపిన, మట్టికుండ న్యాయమున దేహము చల్లబడును. మన బళ్లారివంటి పొడిగాలి ప్రదేశమున ఈ ఉపాయము చక్కగా పనిచేయును. సముద్రతీరపు ఉక్కలో, గాలిలోనే తేమ నిండియుండుట వలన, అంతగా పనిచేయదు.

ఒక జాగ్రత్త. కొన్ని జాకెట్లలో వాన నీరు చొరకుండ లోపల ఒక పొర ఉండును. ఆ పొర జిప్పుతో ఊడదీయుటకు వీలైనదా, బట్టతో కలిపి కుట్టినదా అని చూడుడు. కలిపి కుట్టిన యెడల పైన ఎన్ని రంధ్రములున్నను గాలి చొరదు. వేసవికి కొనువాడు ఊడదీయు పొర గలదానినే కొనవలెను. లేదా పొర లేని జాకెట్టు కొని, వానకోటును వేరుగా ఉంచుకొనవలెను.

3. బట్ట, కుట్టు

మన ఊరు జీన్సు కుట్టుపనికి పేరు పొందినది. మీలో కొందరి ఇండ్లలోనే కుట్టు యంత్రములు కలవు. కావున ఈ భాగము మీకు సులభముగా బోధపడును.

సాధారణమైన జీన్సు బట్ట నూలుది. చూచుటకు దళసరిగా ఉన్నను తారురోడ్డుపై అది త్వరగా అరిగి చిరుగును. అందుచేత రైడింగు జాకెట్లకు గట్టి నైలానును, పాలియెస్టరును, తోలును వాడుదురు. దారపు లావును డెనియర్లలో చెప్పుదురు. 9000 మీటర్ల దారము ఎన్ని గ్రాములు తూగునో అన్ని డెనియర్లు. 600 డెనియర్ల దారమనగా 9000 మీటర్లకు 600 గ్రాములు తూగునది. అయితే డెనియరు ఎక్కువైనంత మాత్రమున బట్ట గొప్పది కాదు. నేతయు, దారపు జాతియు ముఖ్యమే. పలుచని నైలాను, పాలియెస్టరు బట్టలు రాపిడి వేడికి కరగి చర్మమునకు అంటుకొనగలవు. అందుకే వాటి అడుగున వేరొక అస్తరు ఉండవలెను. అమెరికాలో డూపాంట్ సంస్థయందు స్టెఫానీ క్వోలెక్ అను రసాయన శాస్త్రజ్ఞురాలు 1965లో కనుగొనిన దానినుండి కెవ్లార్ అను దారము పుట్టినది. ఈ జాతి దారములు కరగవు. కొన్ని జాకెట్లలో రాపిడి తగులు చోట్ల ఈ బట్టను అడుగున వేయుదురు.

వలబట్టలో దారము తక్కువ, రంధ్రములు ఎక్కువ. కావున రాపిడికి అది బలహీనము. మంచి జాకెట్టులో భుజములపైనను, మోచేతులపైనను, ముంజేతి బయటి వైపునను రంధ్రములు లేని దట్టమైన బట్ట ఉండును. తక్కిన చోట్లనే వల ఉండును. అంతటను వలయే ఉన్న జాకెట్టును విడిచిపెట్టుడు.

బట్ట ఎంత గట్టిదైనను కుట్టు విడిపోయిన వ్యర్థము. జీన్సు కాలి అంచున రెండు వరుసల కుట్టు ఏల వేయుదురో మీ ఇంటివారిని అడుగుడు. జాకెట్టు భుజముల వద్దను, చేతుల అతుకుల వద్దను రెండు మూడు వరుసల కుట్టు ఉన్నదా అని లోపల త్రిప్పి చూడుడు. బయట కనబడు ఒక్క వరుస తెగినను లోపలి వరుస పట్టుకొనవలెను.

4. లోపలి బిళ్లలు

భుజములయందును మోచేతులయందును దెబ్బను మ్రింగు మెత్తని బిళ్లలు ఉండును. వీటిని ఆర్మర్ అందురు. మెల్లగా నొక్కిన ఇవి వంగును. హఠాత్తుగా దెబ్బ తగిలిన గట్టిపడి, ఆ శక్తిని విశాలముగా పంచును.

వీటి నాణ్యమును ఐరోపా ప్రమాణములతో కొలుచుట వాడుక. భుజము, మోచేయి బిళ్లలకు ఈ.ఎన్. 1621-1 అను సంఖ్యయు, వెన్ను బిళ్లకు ఈ.ఎన్. 1621-2 అను సంఖ్యయు కలవు. పరీక్షలో 50 జౌళ్ల శక్తి గల దెబ్బ కొట్టుదురు. 5 కిలోల బరువు ఒక మీటరు ఎత్తునుండి పడినపుడు ఇంచుమించుగా ఇంత శక్తి ఉండును. భుజపు బిళ్ల దాటి క్రిందికి చేరిన బలము సగటున 35 కిలోన్యూటన్లకు మించకున్న అది మొదటి స్థాయి. 20కి మించకున్న రెండవ స్థాయి. వెన్ను బిళ్లకు ఈ హద్దులు 18, 9 కిలోన్యూటన్లు. కనుక రెండవ స్థాయియే మేలైనది.

వేడి ప్రదేశపు వారు మరియొక గుర్తును చూడవలెను. ఈ బిళ్లలలో కొన్ని ఎండలో మెత్తబడి, దెబ్బను సరిగా మ్రింగలేవు. అందుకై 40 డిగ్రీల వేడిలో కూడ పరీక్షించు విధానము కలదు. దానిలో నెగ్గిన బిళ్లపై "టి" అక్షరమును దాని ప్రక్కన కూడిక గుర్తును ముద్రింతురు. ఈ పరీక్ష నిర్బంధము కాదు, తయారుచేయువాని ఇష్టము. మన ఊరివారికి మాత్రము ఈ చిన్న గుర్తు చాల విలువైనది.

వెన్ను భాగమున పెక్కు జాకెట్లలో ఏ ముద్రయు లేని ఒట్టి స్పాంజి ముక్కను పెట్టి అమ్ముదురు. అది సంచిని నింపునే కాని వెన్నును కాపాడదు. బిళ్లను బయటికి తీసి ముద్ర చదువుడు. లేకున్న వేరుగా కొని పెట్టించుకొనుడు.

మొత్తము జాకెట్టునకును ఒక ప్రమాణము కలదు. అది 2020లో వెలువడిన ఈ.ఎన్. 17092. దాని ప్రకారము మూడు ఏలు గలది ఉత్తమము, రెండు ఏలు గలది మధ్యమము, ఒక ఏ గలది ఊరిలోని తక్కువ వేగమునకు తగినది. వల జాకెట్లలో పెక్కు ఒక ఏ తరగతివే; కొన్ని రెండు ఏల తరగతిని అందుకొనును. ప్రతిదినము పెద్దరోడ్డున పోవువారు రెండు ఏలు గలదానిని వెదకుట మంచిది.

5. కొలత

బిళ్ల ఎంత మంచిదైనను, పడినపుడు మోచేతి మీద నిలువక ప్రక్కకు జరిగిన ప్రయోజనము లేదు. తొడుగుకొని, హ్యాండిలు పట్టుకొనినట్లు చేతులు చాపి కూర్చుండుడు. రెండవ చేతితో మోచేతి బిళ్లను పట్టి త్రిప్పి చూడుడు. అది జరిగినచో ఆ కొలత పెద్దది. ముంజేయి బయటపడరాదు, వంగినపుడు నడుము బయటపడరాదు. "పెరిగే పిల్లవాడు కదా" అని పెద్ద కొలత కొనుట బడి చొక్కాకు తగునేమో కాని కవచమునకు తగదు. రంగు లేతదైన ఎండను తక్కువగా పీల్చును. లారీ నడుపువారికి దూరము నుండియే కనబడును.

6. దీని హద్దు

జాకెట్టు చర్మమును కాపాడును. దెబ్బ తీవ్రతను తగ్గించును. లారీ చక్రము క్రింద పడినవానిని అది కాపాడలేదు. తలకు పెట్టుకొను హెల్మెట్టునకు బదులు కాదు. ఐ.ఎస్. 4151 ముద్ర గల హెల్మెట్టు మొదట కొనవలసినది. చట్టము దానిని నిర్బంధించినది. జాకెట్టును మన వివేకమునకు విడిచినది. ధనము కొంచెముగా ఉన్న ఇంటివారు హెల్మెట్టు తరువాత చేతి తొడుగులును, గట్టి బూట్లును కొనవలెను. ఏలయనగా పడువాడు మొదట చేతులనే చాచును. పిమ్మట భుజములకు, మోచేతులకు ముద్రగల బిళ్లలున్న వల జాకెట్టు. వెన్ను బిళ్లను పైమాసము కొనినను తప్పులేదు.

కొనిన జాకెట్టు మేకునకు వ్రేలాడుచున్న ఎవ్వరిని కాపాడదు. మిక్కిలి ఖరీదైనది కొని ఎండకు భయపడి ఇంట పెట్టుటకంటె, మధ్యరకమైనను ప్రతిదినము తొడుగుకొనగలదే వేసవికి తగిన కవచము. ఈ మాటను మీ ఇండ్లలో చదివి వినిపింపుడు.

అభ్యాసము

1. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పడినవాడు ఎంత దూరము జారునో, పై పద్ధతిని అనుసరించి లెక్కింపుడు.
2. గాలి 30 డిగ్రీలున్నపుడును, 40 డిగ్రీలున్నపుడును చర్మముపై దాని ప్రభావములోని భేదమును వ్రాయుడు.
3. మీ ఇంటిలోని జీన్సు లాగు కుట్టును పరిశీలించి, ఏయే చోట్ల రెండు వరుసలున్నవో, ఏల ఉన్నవో తెలుపుడు.
4. మీ ఇంట రైడింగు జాకెట్టు ఉన్నచో, వెన్ను బిళ్లను బయటికి తీసి దానిపై ఏ ముద్రలున్నవో వ్రాసికొని రండు.