ప్రఖ్యాతవస్తువు - యుద్ధ చలనచిత్రములు : శాతకర్ణి కథా పరామర్శ

నాటకవస్తువు ప్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని త్రివిధమని ధనంజయుడు దశరూపకమున విభజించెను. ఇతిహాసాదులనుండి గ్రహింపబడినది ప్రఖ్యాతము, కవికల్పితము ఉత్పాద్యము. ప్రాచీన యుద్ధములను గూర్చిన చలనచిత్రము వెలువడినపుడెల్ల ఇది చరిత్రయా, వినోదమా యను వివాదము చెలరేగుచున్నది. మన లాక్షణికులకు ఇది క్రొత్త ప్రశ్న కాదు. నాయకునకుగాని రసమునకుగాని అనుచితమైన అంశము మూలకథలో నున్నచో దానిని విడువవచ్చును, లేదా మార్చవచ్చునని ధనంజయుని మతము. ధనికుడు దీనికి వాలివధను ఉదాహరించెను. మాయురాజు ఉదాత్తరాఘవమున కపటవధను పరిత్యజించెను; భవభూతి మహావీరచరితమున వాలియే రావణమైత్రిచే రామునిపైకి వచ్చినట్లు కల్పించెను. జరిగినది జరిగినట్లు చెప్పుటవలన కవికి ఒరుగునది లేదు, ఆ పని ఇతిహాసమే చేయునని ఆనందవర్ధనుడు. అయితే రామాయణాదులైన సిద్ధరసకథలయందు రసవిరుద్ధమైన స్వేచ్ఛ కూడదని హద్దు గీచినవాడును ఆయనయే. మొదటి మాటను స్మరించువారు రెండవదానిని మఱచుచుందురు.

2017 జనవరిలో క్రిష్ దర్శకత్వమున వెలువడిన 'గౌతమీపుత్ర శాతకర్ణి' చిత్రమును ఈ దృష్టితో పరిశీలింతము. ఆ రాజు విజయములకు ముఖ్యాధారము నాసిక్ మూడవ గుహలోని ప్రాకృతశాసనము. పులుమావి 19వ రాజ్యవర్షమున రాజమాత గౌతమీ బలశ్రీ భద్రయానీయ భిక్షువులకు గుహాదానము చేయుచు కుమారుని కీర్తించిన ప్రశస్తి యది. శకయవనపహ్లవులను నిర్మూలించెననియు, క్షహరాతవంశమును నిశ్శేషము చేసెననియు అందు కలదు. సిద్ధయక్షరాక్షసులును, సూర్యచంద్రులును పాల్గొన్న సమరమున శత్రువులను గెలిచెననియు కలదు! కావున అతిశయోక్తి సినిమావారు కనిపెట్టినది కాదు. ప్రశస్తిలో అలంకారమెంత, అర్థమెంత యని తేల్చుటకు వేఱు సాక్ష్యము కావలెను. క్షహరాతుల విషయమున అది లభించినది. 1906లో నాసిక్ ప్రాంతమున జోగల్‌తంబి వద్ద బయల్పడిన 13 వేలకు పైబడిన నహపాణుని వెండినాణెములలో 9 వేలకు పైగా శాతకర్ణి ముద్రతో పునరంకితములు. నహపాణుని పరాజయము నిస్సందేహము.

చిత్రమునందలి చిక్కు డెమిట్రియస్‌తోడిది. ఈ యవనరాజు క్రీ.పూ. రెండవ శతాబ్ది తొలిపాదమువాడు, శాతకర్ణి క్రీ.శ. ఒకటి, రెండు శతాబ్దులవాడు. ఇరువురి నడుమ రెండువందల యేండ్లకు పైగా వ్యవధి కలదు. శాసనమున యవనశబ్ద మున్నది గనుక పేరులేని యవనసేనాని నొకని నిలిపియున్నచో అది ఉత్పాద్యాంశమై మిశ్రవస్తువున ఒదిగిపోయెడిది. రసమునకును లోటు రాదు. ప్రసిద్ధుని పేరు పెట్టుటతోడనే అది ప్రఖ్యాతమని ప్రేక్షకుడు నమ్మును. వాలివధను మార్చిన భవభూతికి ఔచిత్యము కారణము. ఇచట అట్టి కారణ మేదియు గోచరింపదు.

కల్పన యెట్లు నేలలో పాతుకొనునో రాజమహేంద్రవరము వారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. సారంగధరుని కథ చేమకూర వేంకటకవికి కావ్యమై, పిమ్మట నాటకమై, 1957లో చలనచిత్రమై, ఊరిలో ఒక మెట్టకు పేరుగను నిలిచినది. శాసనములయందు రాజరాజనరేంద్రునకు కనవచ్చు కుమారుడు రాజేంద్రుడు, 1070లో చోళసింహాసన మెక్కిన కులోత్తుంగుడు. చిత్రాంగి శాసనములలో లేదు.

శాతకర్ణి అమరావతినుండి ఏలెనను ప్రచారమును గూర్చియు ఒక మాట. నాసిక్ శాసనము పేర్కొన్న జనపదములు ఋషిక, అశ్మక, ములక, సురాష్ట్ర, కుకుర, అపరాంత, అనూప, విదర్భ, ఆకరావంతులు. ఆంధ్రము ఆ పట్టికలో లేదు. పర్వతనామములలో మహేంద్రముండుటచే తూర్పుతీరమును ఊహించువారు కలరు, అది ఊహయే. అమరావతిలో దొరకిన శాసనము పులుమావిది.

మాతృగౌరవమును కథకు ప్రాణముగ చేయుట మాత్రము ఆ చిత్రము మెచ్చదగిన పని. తల్లి వేయించిన శాసనమునకు అది అనుగుణము. కాని మాతృనామధారణము శాతకర్ణితో మొదలైనదను మాట నిలువదు. అంతకు పూర్వపుదగు భార్హుత్ తోరణశాసనమున ధనభూతి వాత్సీపుత్రుడు. ఆతని తండ్రితాతలును మాతృనామములతోడనే పేర్కొనబడిరి. గౌతమి, వాసిష్ఠి, వాత్సి యనునవి తల్లి పుట్టినింటి గోత్రమును తెలుపు పదములు. శాసనపాఠము చెప్పు అధ్యాపకుడు తద్ధితప్రకరణమును కూడ అచటనే చెప్పవచ్చును.