బోస్మన్ వేసిన కేసు

ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే బంతాట. ఒక్కో జట్టులో పదకొండు మంది ఉంటారు. మన ఊళ్ళో పిల్లలు సరదాకు ఆడతారు. యూరప్ దేశాల్లో కొందరికి ఈ ఆటే బతుకుతెరువు. అక్కడ క్లబ్బులు ఆటగాళ్ళకు జీతాలిచ్చి ఆడిస్తాయి. ఇన్నేళ్ళు ఆడాలి, ఇంత జీతం ఇస్తాం అని ముందే కాగితం రాసుకుంటారు. దాన్ని కాంట్రాక్టు అంటారు.

అలా జీతానికి ఆడినవాడే జాన్ మార్క్ బోస్మన్. యూరప్‌లో బెల్జియం అనే చిన్న దేశం ఉంది. అందులో లియేజ్ పట్నం అతనిది. 1964లో పుట్టాడు. అతను మిడ్‌ఫీల్డర్, అంటే మైదానం నడుమ ఆడేవాడు. వెనుక ఉన్నవాళ్ళ నుంచి బంతి అందుకోవాలి. ముందున్నవాళ్ళకు అందించాలి. గోలు కొట్టినవాడి పేరు అందరికీ తెలుస్తుంది. అందించినవాడి పేరు అంతగా తెలియదు. బోస్మన్ కూడా పెద్ద పేరున్న ఆటగాడేమీ కాదు. అయినా అతని పేరు ఈరోజు ఫుట్‌బాల్ లోకమంతా తెలుసు. ఎందుకో చదవండి.

జీతం తగ్గించారు

బోస్మన్ మొదట స్టాండర్డ్ లియేజ్ అనే క్లబ్బుకు ఆడాడు. 1988లో అదే పట్నంలోని ఆర్.ఎఫ్.సి. లియేజ్ క్లబ్బుకు మారాడు. అక్కడ అతనికి నెలకు సుమారు 1,20,000 ఫ్రాంకులు వచ్చేవి. అప్పట్లో బెల్జియం డబ్బును ఫ్రాంకు అనేవాళ్ళు.

1990 జూన్ 30తో కాంట్రాక్టు గడువు తీరిపోతుంది. అంతకుముందే, ఏప్రిల్‌లో, క్లబ్బువాళ్ళు కొత్త కాగితం చూపించారు. అందులో జీతం నెలకు 30,000 ఫ్రాంకులే. అంటే నాలుగో వంతు. బోస్మన్ చదివాడు. "నేను సంతకం పెట్టను" అన్నాడు.

వెళ్తానంటే వెళ్ళనివ్వలేదు

గడువు తీరింది కదా, ఇంకో చోటికి పోవచ్చు కదా అని మనం అనుకుంటాం. కానీ అప్పటి ఆట రూల్సు అలా లేవు. గడువు తీరినా సరే, ఆటగాణ్ణి తీసుకునే కొత్త క్లబ్బు పాత క్లబ్బుకు డబ్బు కట్టాలి. ఆట నేర్పినందుకు, తీర్చిదిద్దినందుకు ఆ డబ్బు అనేవాళ్ళు. బోస్మన్‌కు ఆ క్లబ్బు మొదట పెట్టిన ధర 1,17,43,000 ఫ్రాంకులు. అంత పెట్టి ఎవరూ ముందుకు రాలేదు.

పక్క దేశం ఫ్రాన్స్‌లో డంకర్క్ అనే ఊరి క్లబ్బు అతన్ని తీసుకుంటానన్నది. ఒక ఏడాదికి 12,00,000 ఫ్రాంకులు కడతామన్నది. రెండు క్లబ్బులూ ఒప్పుకున్నాయి. ఇక ఒక్క కాగితం రావాలి.

పిల్లల్ని ఒక బడి నుంచి ఇంకో బడికి మార్చాలంటే పాత బడివాళ్ళు టి.సి. ఇవ్వాలి కదా. ఆటగాడికీ అలాంటి కాగితమే కావాలి. ఆగస్టు 2న కొత్త ఆటలు మొదలు. ఆలోగా అది ఫ్రాన్స్ చేరాలి. కానీ డంకర్క్ క్లబ్బు డబ్బు కట్టగలదా అని లియేజ్ క్లబ్బుకు అనుమానం వచ్చింది. ఆ కాగితం పంపమని అడగనే లేదు. బేరం చెడిపోయింది. పైగా జులై 31న బోస్మన్‌ను సస్పెండ్ చేశారు. ఇక్కడ ఆడనివ్వరు. అక్కడికి పోనివ్వరు. అప్పటికి అతనికి 25 ఏళ్ళు. ఆటగాడికి నాలుగు రాళ్ళు సంపాదించుకునే వయసు అదే.

కోర్టు మెట్లెక్కాడు

1990 ఆగస్టు 8న బోస్మన్ లియేజ్ కోర్టులో కేసు వేశాడు. జాన్ లూయీ డుపాన్, లూక్ మిసాన్ అనే వకీళ్ళు అతని తరఫున నిలబడ్డారు.

వాళ్ళు చెప్పింది ఇది. యూరప్‌లోని కొన్ని దేశాలు 1957లో రోమ్ నగరంలో ఒక ఒప్పందం రాసుకున్నాయి. బెల్జియం, ఫ్రాన్స్ అందులో ఉన్నాయి. ఒక దేశం పనివాడు ఇంకో దేశంలో పని చేసుకోవచ్చు, అడ్డు పెట్టగూడదు అని అందులో ఉంది. ఆట ఆడి జీతం తీసుకునేవాడూ పనివాడే. మరి అతనికి అడ్డెందుకు?

ఎదుటివాళ్ళకూ ఒక వాదన ఉంది. "చిన్న క్లబ్బులు ఎంతో ఖర్చు పెట్టి కుర్రాళ్ళకు ఆట నేర్పుతాయి. వాళ్ళను పెద్ద క్లబ్బులు ఊరికే పట్టుకుపోతే చిన్నవాళ్ళం ఎట్లా బతకాలి?" అన్నారు. ఇది తీసిపారేసే మాట కాదు.

కేసు నడుస్తుండగానే, 1990 నవంబరులో, బోస్మన్ డబ్బు కట్టకుండా వేరే క్లబ్బుకు ఆడవచ్చని లియేజ్ కోర్టు చెప్పింది. కానీ మంచి క్లబ్బులు పిలవలేదు. ఫ్రాన్స్‌లో ఒక చిన్న క్లబ్బులో ఆడాడు. తర్వాత ఎక్కడో సముద్రం నడుమ ఉన్న రీయూనియన్ దీవికి పోయి ఆడాడు. మళ్ళీ బెల్జియం వచ్చి ఇంకో చిన్న క్లబ్బులో చేరాడు. క్లబ్బులు కావాలనే అతన్ని దూరం పెట్టాయనడానికి బలమైన ఆనవాళ్ళు ఉన్నాయని తర్వాత తీర్పులో కూడా రాశారు.

తీర్పు

కేసు చివరికి లక్సెంబర్గ్‌లో ఉన్న యూరప్ న్యాయస్థానానికి చేరింది. 1995 డిసెంబరు 15న తీర్పు వచ్చింది. బోస్మన్ గెలిచాడు.

కాంట్రాక్టు గడువు తీరిన ఆటగాడు ఆ దేశాల్లో ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోతే, అతని కోసం డబ్బు అడగకూడదు అని కోర్టు చెప్పింది. ఆ దేశాల ఆటగాళ్ళు ఒక జట్టులో ఇంతమందే ఆడాలి అనే రూలు కూడా చెల్లదన్నది. గడువు ఇంకా ఉండగా మారాలంటే మాత్రం మామూలుగా పాత క్లబ్బుకు డబ్బు ఇస్తారు. 2001లో రూల్సు మార్చారు. చిన్న వయసువాళ్ళకు ఆట నేర్పిన క్లబ్బులకు కొంత డబ్బు అందే ఏర్పాటు చేశారు.

గెలిచిన తర్వాత

తీర్పు నాటికి బోస్మన్‌కు 31 ఏళ్ళు. ఆడే వయసు దాదాపు అయిపోయింది. అతని తర్వాత వచ్చిన ఆటగాళ్ళు గడువు తీరగానే నచ్చిన చోటికి వెళ్ళారు. పెద్ద పెద్ద జీతాలు అడిగి తీసుకున్నారు. బోస్మన్ మాత్రం డబ్బుకు ఇబ్బంది పడ్డాడు. దిగులుతో తాగుడుకు అలవాటు పడ్డాడు. తనతో కలిసి ఉన్న ఆమెను కొట్టిన కేసులో 2013లో కోర్టు అతనికి జైలు శిక్ష వేసింది. తన హక్కు కోసం పోరాడినంత మాత్రాన ఇంట్లో ఆడమనిషిని కొట్టే హక్కు ఎవరికీ రాదు. అతను చేసిన మంచీ, చెడూ రెండూ తెలుసుకోవాలి.

అతను వేసిన కేసు మాత్రం నిలిచింది. గడువు తీరిన ఆటగాళ్ళు ఇప్పటికీ ఆ తీర్పు వల్లే డబ్బు కట్టకుండా క్లబ్బు మారుతున్నారు.

కొత్త మాటలు

గడువు – కాగితంలో రాసుకున్న చివరి తేదీ
సస్పెండ్ – కొంతకాలం పని నుంచి ఆపివేయడం
వాదన – మన పక్షాన చెప్పే కారణం
తీర్పు – విచారణ తర్వాత కోర్టు చెప్పే మాట

లెక్క చెయ్యండి

1. పాత జీతం 1,20,000. కొత్త జీతం 30,000. నెలకు ఎంత తగ్గింది?
2. కేసు 1990 ఆగస్టులో వేశాడు. తీర్పు 1995 డిసెంబరులో వచ్చింది. ఎన్నేళ్ళు, ఎన్ని నెలలు పట్టింది?

మాట్లాడుకోండి

1. బోస్మన్ కొత్త కాగితం చదవకుండా సంతకం పెడితే ఏమయ్యేది?
2. పని నేర్పినవాళ్ళకు ఆ మనిషిని ఆపే హక్కు ఉందా? చిన్న క్లబ్బుల మాటలో న్యాయం ఎంత?
3. ఫలితం తనకు దక్కకపోయినా పోరాడినవాళ్ళు మీ ఊళ్ళో ఎవరైనా ఉన్నారా?

రాయండి

మీ ఇంట్లో మీ పేరున్న కాగితం ఒకటి తియ్యండి. బ్యాంకుదైనా, కౌలుదైనా సరే. అది ఎప్పుడు రాశారు, గడువు ఎప్పటికి, సంతకాలు ఎవరివి? మూడు వాక్యాల్లో మీ పలక మీదో, నోటుబుక్కులోనో రాయండి.