కారు స్టీరియోలో ఇంజను కూత: ఎర్త్ లోపములను కనుగొను విధానము

కారులో పాట పెట్టుకొని బయలుదేరిన వారికి అప్పుడప్పుడు ఒక చిత్రమైన చిక్కు ఎదురగుచుండును. పాట వెనుక సన్నని ఈల వంటి కూత వినబడును. యాక్సిలరేటరు తొక్కినకొలది కూత హెచ్చును, కాలు తీసినచో తగ్గును. పాట ఆపినను అది ఆగదు. యజమాని స్టీరియోను నిందించును. దుకాణదారు ఒక ఫిల్టరు అమ్మును. దానితో పోనిచో కొత్త ఆంప్లిఫయరు, దానితోను పోనిచో కొత్త తీగలు. వేల రూపాయలు వ్యయమైన పిదప కూత మాత్రము యథాప్రకారముగా ఉండును. మా అభిప్రాయములో ఇట్టి కూతలలో అధిక భాగమునకు మూలము స్టీరియో పెట్టెలో లేదు. విద్యుత్తు బ్యాటరీకి తిరిగివచ్చు దారిలో ఉన్నది. ఆ దారిని పరీక్షించుటకు కావలసినవి పాఠశాలలో చదువుకొన్న ఓమ్ నియమము, సామాన్యమైన ఒక డిజిటల్ మల్టీమీటరు, కొంత ఓపిక.

మన విద్యార్థులలో మోటారు పని చేయు కుటుంబముల వారు పలువురు కలరు. సెలవులలో ఉస్తాదు వద్ద షాగిర్దులుగా చేరి నాలుగు రూపాయలు తెచ్చుకొనువారును కలరు. పుస్తకములోని సూత్రము వర్క్‌షాపులో ఏ విధముగా పనికివచ్చునో వారికి తెలియవలెనని ఈ విషయమును ఎన్నుకొంటిమి.

కారు రేడియోకు ఈ బాధ పుట్టుకతో వచ్చినది. 1930లో అమెరికాలో పాల్ గాల్విన్ సంస్థ ‘మోటరోలా’ అను పేరుతో కారు రేడియోను అమ్మకమునకు పెట్టిన నాటికే, ఇంజనులోని నిప్పురవ్వలు రేడియోలో పుట్టించు గరగరను అణచుట పెద్ద సమస్యగా ఉండెను. నేడు రవ్వల బాధ చాలవరకు తగ్గినది. దాని స్థానమును ఆల్టర్నేటరు కూత ఆక్రమించినది.

ఈ కూత ఎట్లు పుట్టునో ముందుగా చూతము. ఇంజను నడుచునప్పుడు బ్యాటరీని నింపునది ఆల్టర్నేటరు. అందు మూడు దశల ఏకాంతర విద్యుత్తు జనించును. ఆరు డయోడులు దానిని ఏకముఖ విద్యుత్తుగా మార్చును. అయితే అది బ్యాటరీ విద్యుత్తు వలె చదునుగా ఉండదు. ప్రతి ఆవృత్తికి ఆరేసి చిన్న అలలు దానిపై మిగిలిపోవును. సాధారణముగా కారు ఆల్టర్నేటరు రోటారులో పన్నెండు ధ్రువములు, అనగా ఆరు జతలు, ఉండును. ఇంజను నిమిషమునకు 800 చుట్లు తిరుగుచున్నదనియు, పుల్లీల నిష్పత్తి రెండున్నర అనియు అనుకొందము. అప్పుడు ఆల్టర్నేటరు నిమిషమునకు 2000 చుట్లు, అనగా సెకనుకు 33.3 చుట్లు తిరుగును. ఆరు జతలచే గుణించగా 200 ఆవృత్తులు, ఆవృత్తికి ఆరు అలల చొప్పున 1200 హెర్ట్జ్‌లు. ఇంజను వేగము 2400కు పెరిగినచో అదియే 3600 హెర్ట్జ్‌లు అగును. మానవుని చెవి మిక్కిలి సూక్ష్మముగా వినగల స్వరములు 2000 నుండి 5000 హెర్ట్జ్‌ల నడుమనే ఉన్నవి. కావుననే కొద్ది మిల్లీవోల్టుల అల కూడ చెవిని గుచ్చును. ఇది యాదృచ్ఛికమే అయినను బాధ మాత్రము నిజము.

కూతకు బదులు టకటకమను శబ్దము వినబడినచో కథ వేరు. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజనులో చుట్టుకు రెండు రవ్వల చొప్పున, 3000 చుట్ల వేగమున సెకనుకు నూరు రవ్వలు పడును. ఇవి తీగల ద్వారా కంటె గాలి ద్వారానే ఎక్కువగా ప్రవేశించును. ఎఫ్.ఎం. కంటె మీడియం వేవ్ స్టేషనులను ఎక్కువగా బాధించును. నిరోధము గల స్పార్క్ ప్లగ్గులు, కార్బను తీగలు వేసిన పిమ్మట సాధారణముగా తగ్గును. డీజిలు కారులో స్పార్క్ ప్లగ్గులే లేవు కనుక అందు ఇగ్నిషన్‌ను వెదకుట వృథా. ఇంజను వేగముతో నిమిత్తము లేక వచ్చు శబ్దమునకు ఫ్యాను మోటారో, వైపరో, ఇంధన పంపో కారణము కావచ్చును. ఒక్కొక్కటి ఆపి చూచిన తెలిసిపోవును.

ఇక అసలు విషయము. ఇంటిలో దీపమునకు రెండు తీగలు ఉండును. కారులో దీపమునకు సాధారణముగా ఒకే తీగ కనబడును. రెండవ తీగ కారు శరీరమే. బ్యాటరీ ఋణ ధ్రువమును ఉక్కు శరీరమునకును ఇంజనుకును బిగించి, అన్ని పరికరముల విద్యుత్తును ఆ శరీరము ద్వారా వెనుకకు రప్పించుదురు. దీనినే మన మిస్త్రీలు ‘ఎర్త్’ అని, ‘బాడీ’ అని అందురు. పేరు ఎర్త్ అయినను భూమితో దీనికి సంబంధము లేదు, నడుమ టైర్ల రబ్బరు ఉన్నది. (1960ల వరకు బ్రిటిష్ కార్లలో పెక్కింటికి ధన ధ్రువమును శరీరమునకు కలిపెడివారు. అంత పాత కారు చేతికి వచ్చినచో తీగ ముట్టుకొనక ముందే ఇది సరిచూచుకొనవలెను.)

ఇనుము నిరోధకత రాగికి దాదాపు ఆరు రెట్లు. అయినను కారు రేకు వెడల్పు ఎక్కువ కనుక శరీరము మొత్తము మీద మంచి వాహకమే. లోపమంతయు అతుకుల వద్ద ఉన్నది. బోల్టు క్రింద పెయింటు, లగ్గు క్రింద తుప్పు, వదులైన నట్టు, పాచి పట్టిన బ్యాటరీ టెర్మినలు. ఒక్కొక్క అతుకు నిరోధము ఓములో వెయ్యవ వంతులలోనే ఉండును. అంత స్వల్పమైన నిరోధము ఏమి చేయునని విద్యార్థి అడుగవచ్చును. గెయార్గ్ ఓమ్ 1827లో ప్రకటించిన నియమమునే ఇచ్చట అన్వయింతము. ఒక్కొక్కటి 50 వాట్ల చొప్పున నాలుగు చానళ్ళ ఆంప్లిఫయరు పూర్తి స్థాయిలో పనిచేయునపుడు 200 వాట్లు బయటికి ఇచ్చును. దక్షత నూటికి 60 అనుకొన్నచో అది లోనికి తీసికొనునది సుమారు 333 వాట్లు. ఇంజను నడుచుచుండగా పీడనము 13.8 వోల్టులు అనుకొనిన, ప్రవాహము 24 ఆంపియర్లు. ఎర్త్ అతుకులో 5 మిల్లీఓముల నిరోధమున్నచో అచ్చట 120 మిల్లీవోల్టులు నష్టమగును. పాటలో మెల్లని భాగము వచ్చునపుడు స్టీరియో నుండి ఆంప్లిఫయరుకు పోవు సంకేతము 20, 30 మిల్లీవోల్టులకు మించకపోవచ్చును. అనగా ఒక్క అతుకులో కలుగు పొటెన్షియల్ భేదము పాటకంటె పెద్దది.

ఆ భేదము పాటలోనికి ఎట్లు చొరబడును? స్టీరియో డాష్‌బోర్డులో ఒకచోట ఎర్త్ అయినది. ఆంప్లిఫయరు డిక్కీలో వేరొకచోట ఎర్త్ అయినది. ఈ రెండింటిని కలుపు ఆర్.సి.ఎ. తీగపై అల్లిన కవచము కూడ ఒక వాహకమే. నీటిమట్టములు వేరైన రెండు బావులను గొట్టముతో కలిపినట్లు, ఎర్త్ స్థానముల నడుమ భేదము ఉన్నంతవరకు ఆ కవచము గుండా ప్రవాహము సాగును. శరీరము ఒక దారి, కవచము రెండవ దారి. రెండును కలిసి వలయమగును. దీనిని ఎర్త్ వలయము అందురు. కవచములో నష్టమైన వోల్టేజి సంకేతమునకు తోడగును. ఆంప్లిఫయరుకు ఏది పాటయో ఏది ఆల్టర్నేటరు అలయో తెలియదు కనుక రెండింటిని సమానముగా పెంచి స్పీకరుకు పంపును.

మేము పరిశీలించిన ఒక పాత పెట్రోలు కారులో యజమాని అప్పటికే రెండు ఫిల్టర్లు వేయించియుండెను. ఆంప్లిఫయరును కూడ మార్చుమని ఆయనకు సలహా ఇచ్చిరట. ఇంజను నడుపుచు, హెడ్‌లైట్లు వేసి, పాట గట్టిగా పెట్టి, బ్యాటరీ ఋణ ధ్రువమునకు ఆంప్లిఫయరు ఎర్త్ టెర్మినలునకు నడుమ కొలువగా 0.31 వోల్టు చూపినది. 0.1 వోల్టు దాటరాదు. ఎర్త్ తీగను సీటు బెల్టు బోల్టు క్రింద, పెయింటు గీకకుండ బిగించియుండిరి. ప్రాణము కాపాడు బోల్టు క్రింద ఇట్టి లగ్గు పెట్టుటయే తప్పు. వేరొకచోట రేకు మెరయునట్లు గీకి, అర మీటరు కంటె పొట్టి తీగతో బిగించగా 0.04కు దిగినది. కూత చాలవరకు తగ్గెను గాని పూర్తిగా పోలేదు. పిమ్మట ఇంజనును శరీరమునకు కలుపు అల్లిక పట్టీని చూడగా అది సగము తెగి పచ్చబారియుండెను. అట్టి స్థితిలో స్టార్టరు తీసికొను వందలాది ఆంపియర్లు తిరుగు దారి దొరకక సన్నని తీగలను, కేబుళ్ళను వెదకుకొనును. పట్టీ మార్చిన వెంటనే కూత నిలిచినది. రెండు లగ్గులు, కొంచెము తీగ, ఒక పట్టీ: ఖర్చు ఒక ఫిల్టరు వెలకు మించలేదు.

ఈ కొలతలో ఒక మెలకువ కలదు. మల్టీమీటరును నిరోధపు స్థానములో పెట్టి ఎర్త్‌ను పరీక్షించుట పెక్కుమంది అలవాటు. అది నిష్ఫలము. మీటరు తీగలకే 0.2 మొదలు 0.5 ఓము వరకు నిరోధముండగా మనము వెదకునది 0.005 ఓము. ఆ విధముగా చూచిన తుప్పు పట్టిన అతుకు కూడ నిర్దోషియే. ప్రవాహము సాగుచున్నప్పుడు మిల్లీవోల్టులు కొలిచిననే దోషము బయటపడును.

ఆల్టర్నేటరు డయోడులలో ఒకటి చెడినచో అల అనేక రెట్లు పెరుగును. మీటరును ఏకాంతర వోల్టుల స్థానమునకు త్రిప్పి బ్యాటరీ రెండు ధ్రువముల నడుమ చూడవలెను. ఆరోగ్యముగా నున్న కారులో ఇది మిల్లీవోల్టులలోనే ఉండును. అర వోల్టు సమీపించినచో ముందు ఆల్టర్నేటరును బాగుచేయించవలెను. ఎర్త్‌లు ఎంత గీకినను లాభముండదు.

వెదకు క్రమమునకు కూడ ఒక తర్కము కలదు. శబ్దపు మీట త్రిప్పినప్పుడు కూత కూడ పెరిగిన, అది మీటకు ముందే, అనగా ఫోను నుండియో ట్యూనరు నుండియో ప్రవేశించుచున్నది. మీటతో మారకున్నచో తరువాత ప్రవేశించుచున్నది. రెండవ పక్షమున అంతయు ఆపివేసి, ఆంప్లిఫయరు వద్ద ఆర్.సి.ఎ. తీగలను ఊడదీసి, ఆ రంధ్రములలో నడిమి మొనను కవచమునకు కలిపిన ఉత్త ప్లగ్గులు పెట్టి మరల నడుపవలెను. కూత ఇంకను ఉన్నచో లోపము ఆంప్లిఫయరు వద్దనో దాని విద్యుత్ తీగలోనో ఉన్నది. పోయినచో ముందు భాగమున ఉన్నది. అప్పుడు స్టీరియో ఎర్త్‌ను, ఆర్.సి.ఎ. తీగ పోవు దారిని చూడవలెను. విద్యుత్ తీగ కారుకు ఒక ప్రక్కగాను, ఆర్.సి.ఎ. తీగ రెండవ ప్రక్కగాను పోవుట మంచిది. దాటవలసి వచ్చినచో అడ్డముగా దాటించవలెను. స్టీరియో నడుచుచుండగా ఆర్.సి.ఎ. తీగలు పీకుట, గ్రుచ్చుట చేయరాదు. కొన్ని స్టీరియోలలో కవచపు ఎర్త్‌కు లోపల వెండ్రుకవంటి ఫ్యూజు ఉండును. అది కాలినచో కొత్త కూత మొదలగును. అప్పుడు ఆర్.సి.ఎ. కవచమును స్టీరియో పెట్టె లోహమునకు తాత్కాలికముగా తీగతో కలుపగా కూత మాయమగుటయే దానికి గుర్తు.

నేటి విద్యార్థులు ఎక్కువగా ఎదుర్కొనునది ఫోను కూత. ఫోనును ఆక్స్ తీగతో స్టీరియోకు కలిపి, అదే సమయమున సిగరెట్ లైటరు సాకెట్టులోని చార్జరుకు కూడ కలిపినచో అచ్చమైన ఎర్త్ వలయము సిద్ధమగును. చార్జరు తీసిన క్షణములో కూత ఆగును. చార్జింగు కావలెననుకొన్నవారు పాటను బ్లూటూత్ ద్వారా వినవచ్చును. తీగయే లేనప్పుడు వలయము లేదు. తీగయే కావలెనన్నచో ఆక్స్ దారిలో చిన్న ట్రాన్స్‌ఫార్మరు గల విభాజకమును పెట్టవచ్చును, కాని చౌక రకములలో మంద్ర స్వరములు కొంత పలుచబడును.

వలయమును తెంచవలెనను ఉత్సాహములో కొందరు ఆంప్లిఫయరు ఎర్త్ తీగనే తీసివేయుదురు. ఇది మిక్కిలి ప్రమాదకరము. అప్పుడు పైన లెక్కించిన 24 ఆంపియర్లకు మిగిలిన దారి ఆర్.సి.ఎ. కవచము ఒక్కటే. అది కరగి తివాచీ క్రింద పొగలు రాగలదు. ఇంజను నడుచుచుండగా బ్యాటరీ టెర్మినలు పీకి ఆల్టర్నేటరును పరీక్షించు పాత పద్ధతి కూడ ఇట్టిదే. ఆ క్షణమున లేచు అధిక వోల్టేజి నేటి కార్లలోని కంప్యూటర్లను చంపివేయును. ధన తీగకు బ్యాటరీ నుండి 45 సెంటీమీటర్ల లోపల ఫ్యూజు తప్పక ఉండవలెను. పనికి పూనుకొనుటకు ముందు ఋణ తీగను మొదట విప్పి చివర బిగించవలెను. అట్లు చేసినచో రెంచి పొరపాటున శరీరమునకు తగిలినను మంట లేవదు. పసుపు తొడుగు గల తీగలు ఎయిర్‌బ్యాగులవి, వాటి జోలికి పోరాదు.

కొత్త కార్లలో బ్యాటరీ ఋణ ధ్రువముపై ప్రవాహమును కొలుచు చిన్న సెన్సారు ఉండును. వాటిలో అదనపు ఎర్త్ తీగను ధ్రువమునకు కాక, తయారీదారు చూపిన శరీరపు బోల్టుకే బిగించవలెను. ఏ కారులోనైనను గీకిన చోట పండ్ల వాషరు వేసి, లగ్గును గట్టిగా బిగించిన పిమ్మట పైన పెయింటుగాని వ్యాసలీనుగాని పూయవలెను. బిగించుటకు ముందు పూసిన పెయింటు అవరోధమగును. తరువాత పూసినది మన వానకాలపు తేమను ఆపును.